ఫిల్టర్ లైటు వెలిగితే ఫిల్టర్ పీకేయాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఖమ్మం. నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్‌ని. మావారు 2021లో డీజిల్ కారు కొన్నారు. అప్పట్లో వారం వారం హైదరాబాద్ వెళ్ళొచ్చేవారు. ఏడాదిన్నర క్రితం ఉద్యోగం మీద మస్కట్ వెళ్ళారు. అప్పటినుంచి బండి నేనే నడుపుతున్నాను. స్కూలు ఇంటికి 4 కిలోమీటర్లు, అంతకుమించి తిరిగేది లేదు. రీడింగ్ 46,000 దాటింది. రెండు నెలలుగా డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతోంది. సైలెన్సర్ లాంటి బొమ్మ, లోపల చుక్కలు. మొదట్లో వచ్చి పోయేది, ఇప్పుడు పోవడమే లేదు. పది రోజులుగా పికప్ కూడా తగ్గింది. కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఫోన్లో అడిగితే కొత్త ఫిల్టర్ లక్ష దాటుతుందన్నారు. ఇక్కడ ఒక గ్యారేజీలో "ఆ ఫిల్టర్ లోపలిది పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చేద్దాం, జన్మలో లైటు రాదు" అంటున్నారు. ఇంకో విషయం. మా మామయ్య రోజూ పొద్దున్నే పోర్టికో షట్టర్ సగం ఎత్తి, ఇంజిన్‌కి మంచిదని పావుగంట స్టార్ట్ చేసి ఉంచుతారు. మా పాపకు ఆరేళ్ళు, ఉబ్బసం ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, ముందు పాప సంగతి మాట్లాడుకుందాం, బండి సంగతి తర్వాత.

రేపు పొద్దున్నుంచే షట్టర్ కింద ఇంజిన్ నడపడం మానేయండి. సగం ఎత్తినా సరిపోదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయిన మొదటి నిమిషాల్లో వచ్చే పొగే అన్నిటికంటే చెడ్డది. బండికి ఫిల్టర్ ఉందిగా అనుకోవచ్చు. ఆ ఫిల్టర్ ఆపేది మసిని మాత్రమే. కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలని డీజిల్ ఆవిరినీ శుభ్రం చేసే పని దాని ముందుండే క్యాటలిస్ట్‌ది. అది దాదాపు 200 డిగ్రీలు వేడెక్కేదాకా పని మొదలుపెట్టదు. పోర్టికోలో ఊరికే తిరిగే ఇంజిన్‌తో ఆ వేడి రావడానికి చాలాసేపు పడుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతీ అంతే, చల్లటి బండిలో వాటిని తగ్గించే ఏర్పాటు సరిగా పనిచేయదు. ఉబ్బసం ఉన్న పిల్లల ఊపిరితిత్తులకు పడనివే ఇవి. పెట్రోల్ బండితో పోలిస్తే డీజిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ తక్కువే గానీ, దానికి వాసనా రంగూ ఉండవు, మూసిన చోట పేరుకుంటే తెలియదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. దీంతో భయపెట్టాలని కాదు, మామయ్యగారితో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఒక మాట ఉండాలని రాస్తున్నాను.

మామయ్యగారిది చెడ్డ అలవాటని కూడా నేను అనను. పాత జీపులూ, పాత డీజిల్ అంబాసిడర్లూ నడిపిన తరానికి అది తెలిసిన పద్ధతి. అప్పటి ఆయిల్ చిక్కగా ఉండేది, ఇంజిన్ కాస్త వేడెక్కేదాకా లాగేది కాదు. ఇప్పటి ఆయిల్ పల్చన. స్టార్ట్ అయిన కొన్ని సెకన్లలో అన్ని చోట్లకీ చేరుతుంది. అందులోనూ మన ఖమ్మం ఎండలకు ఇంజిన్‌కి చలి ఏముంటుంది? ఆయనతో "మీరు చేసేది తప్పు" అనకుండా "ఈ బండికి ఈ పద్ధతి పడదట మామయ్యా" అని చెప్పి చూడండి. బండి మీద ప్రేమ ఉన్న మనిషి కాబట్టి ఆ మాట వింటారనే నా నమ్మకం.

ఎందుకు పడదంటే, మీ ఫిల్టర్ జబ్బుకీ ఆ పావుగంటకీ నేరుగా సంబంధం ఉంది.

డీపీఎఫ్ అని పిలిచే ఆ డబ్బా లోపల తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. దాంట్లో వేలకొద్దీ సన్నటి గొట్టాలు. ఒక గొట్టానికి వెనక మూత ఉంటే పక్క గొట్టానికి ముందు మూత. లోపలికి వెళ్ళిన పొగ బయటికి రావాలంటే గొట్టం గోడలోంచి దూరి రావాల్సిందే. గాలి దూరుతుంది, మసి గోడకే అంటుకుంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 అనే కొత్త కాలుష్య ప్రమాణాలు వచ్చాయిగా, అప్పుడు డీజిల్ కారు వదలగలిగే మసి హద్దు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి దిగింది. ఈ డబ్బా లేకుండా ఆ హద్దు అందుకోవడం అయ్యే పని కాదు. డీజిల్‌లో గంధకాన్ని కూడా 50 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 50) నుంచి 10కి తగ్గించింది ఈ ఏర్పాట్లన్నీ పాడవకుండా ఉండాలనే.

పట్టుకున్న మసిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి కదా. బండి దాన్ని లోపలే కాల్చేస్తుంది. దీన్నే మెకానిక్‌లు రీజెన్ అంటారు. హైవే మీద గంటసేపు పోతే సైలెన్సర్ పైపు బాగా వేడెక్కి కొంత మసి దానంతట అదే తగలబడుతుంది. అది చాలనప్పుడు బండిలోని కంప్యూటర్ పూనుకుంటుంది. సిలిండర్లో మంట అయిపోయాక ఇంకాస్త డీజిల్ చిమ్ముతుంది. ఆ డీజిల్ ఫిల్టర్ ముందున్న క్యాటలిస్ట్‌లో కాలి, ఫిల్టర్ వేడిని సుమారు 600 డిగ్రీలకు తీసుకెళ్తుంది. ఆ వేడిలో 10 నుంచి 20 నిమిషాలు ఉంటే మసి కాలిపోయి ఫిల్టర్ మళ్ళీ ఊపిరి పీల్చుకుంటుంది.

ఇప్పుడు మీ రోజు చూడండి. 4 కిలోమీటర్లు, మహా అయితే 12 నిమిషాలు. ఇంజిన్ సరిగా వేడెక్కేలోపే స్కూలు గేటు. ఒకవేళ ఆ రోజు కంప్యూటర్ రీజెన్ మొదలుపెట్టినా మీరు తాళం తీసేశారు, అది మధ్యలో ఆగిపోయింది. సాయంత్రం మళ్ళీ అదే కథ. దానికి తోడు మామయ్యగారి పావుగంట. నెలకు లెక్కేస్తే ఏడున్నర గంటలు బండి కదలకుండా మసి మాత్రమే తయారుచేస్తోంది. మీవారు వారం వారం హైదరాబాద్ వెళ్ళినంత కాలం ఈ లైటు రాలేదు. ఫిల్టర్ అప్పుడూ ఇదే. మారింది తిరుగుడే.

బీఎస్6 బండ్లు వచ్చిన కొత్తలో ఈ విషయం నాకూ అంతుపట్టలేదు. ఇద్దరు ముగ్గురికి సెన్సార్ మార్చి పంపించాను. నెల తిరక్కుండా అదే లైటుతో వాళ్ళు వెనక్కి వచ్చారు. వాళ్ళ డబ్బు వృథా చేశాననే బాధ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి ఈ లైటుతో ఎవరొచ్చినా బానెట్ ఎత్తకముందే అడుగుతాను: రోజుకు ఎంత దూరం తిరుగుతారు, ఎన్నిసార్లు ఆపి స్టార్ట్ చేస్తారు అని. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

మీ బండి ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందన్నది ముఖ్యం. పసుపు లైటు ఒక్కటే నిలకడగా వెలిగి, బండి మామూలుగా లాగుతుంటే హైవే ఎక్కమని చెప్పేవాణ్ణి. మీకు పికప్ తగ్గింది అంటున్నారు. అంటే ఫిల్టర్ బాగా పూడుకుపోయి, ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంది. ఈ దశలో చాలా బండ్లు సొంతంగా రీజెన్ చేయవు. హైవే మీద ఎంత తిప్పినా ఫలితం ఉండకపోవచ్చు, పైగా ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో మీద భారం పడుతుంది. కాబట్టి ఇప్పుడు లాంగ్ డ్రైవ్ వద్దు. నెమ్మదిగా సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్ళండి. ఎర్ర లైటు గానీ వస్తే నడపకండి, టోయింగ్ పిలవండి.

అక్కడ కొత్త ఫిల్టర్ మాట ఎత్తనివ్వకండి. ముందు బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టించండి. మూడు విషయాలు అడగండి. ఫిల్టర్‌లో మసి ఎంత ఉంది? బూడిద ఎంత ఉంది? చివరి రీజెన్ పూర్తయ్యి ఎన్ని కిలోమీటర్లయింది? మసికీ బూడిదకీ తేడా తెలుసుకోండి, ఎందుకంటే లక్ష రూపాయలు ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి. మసి కాలుతుంది. బూడిద కాలదు. ఇంజిన్ ఆయిల్లో కలిపే కాల్షియం, జింక్ లాంటి పదార్థాలు కాలి మిగిలేదే ఆ బూడిద. అది ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. 46,000 కిలోమీటర్లకే బూడిదతో ఫిల్టర్ నిండిందంటే నేను నమ్మను, ఎవరో తప్పుడు ఆయిల్ పోసి ఉంటే తప్ప. మీది దాదాపు ఖాయంగా మసి సమస్యే.

మసి హద్దులోపల ఉంటే వాళ్ళు స్కానర్‌తో బండి నిలిపి ఉంచే రీజెన్ చేయిస్తారు. ఇంజిన్ అధిక వేగంతో తిరుగుతూ అరగంట పైనే పట్టొచ్చు, సైలెన్సర్ భగభగమంటుంది. ఆరుబయటే చేయాలి. మీరు దగ్గర నిలబడక్కర్లేదు, పాపను అసలు తీసుకెళ్ళకండి. మసి హద్దు దాటి ఉంటే ఆ పని చేయకూడదు. అంత మసి ఒకేసారి అంటుకుంటే వేడికి లోపలి దిమ్మ పగిలిపోతుంది. అప్పుడు ఫిల్టర్ విప్పి, దానికోసం ఉన్న యంత్రంతో శుభ్రం చేసేవాళ్ళ దగ్గరికి పంపాలి. ఎవరైనా వాటర్ సర్వీసింగ్ పైపుతో కొట్టి కడుగుతామంటే ఒప్పుకోకండి. ఆ ఒత్తిడికి గొట్టాల గోడలు దెబ్బతింటాయి.

మసి ఎక్కువ తయారవడానికి వేరే కారణం ఉందేమో కూడా చూడమనండి. ఇంజెక్టర్ కారడం, పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఇరుక్కుపోవడం, టర్బో గొట్టం చీలి గాలి లీకవడం, ఫిల్టర్ సెన్సార్‌కి వెళ్ళే సన్నటి రబ్బరు పైపు పగలడం. ఇవి చూడకుండా ఫిల్టర్ ఒక్కటే శుభ్రం చేస్తే మూడు నెలల్లో మళ్ళీ నాకే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ఇంకొకటి, ఇది చాలామంది మరిచిపోతారు. డిప్ స్టిక్ తీసి ఆయిల్ చూడమనండి. ఎన్నో రీజెన్‌లు మధ్యలో ఆగాయి కదా, అప్పుడు చిమ్మిన డీజిల్లో కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ పై గీత దాటి ఉండొచ్చు. "ఆయిల్ తగ్గలేదు, బండి గట్టిది" అని సంతోషించే విషయం కాదది. డీజిల్ కలిసిన ఆయిల్ నీళ్ళలా పల్చబడి బేరింగులను కాపాడలేదు. మీ బండికి కిలోమీటర్ల లెక్కతో సంబంధం లేకుండా ఈసారి ఆయిల్ మార్పించండి. ఆయిల్ ఏదో మాన్యువల్లో రాసి ఉంటుంది, బూడిద తక్కువ వచ్చే రకం. డబ్బా మీద సీ2, సీ3 లాంటి గుర్తులు ఉంటాయి. మాన్యువల్లో ఏ గుర్తు ఉందో అదే ఉండాలి. ట్రాక్టర్‌కి తెచ్చిన ఆయిల్ మిగిలిందని ఎవరైనా అందులో పోస్తే ఫిల్టర్‌ని మనమే బూడిదతో నింపినట్టు.

ఇక పీకేయమన్న గ్యారేజీ మాట. ఇది నాకు కోపం తెప్పించే సంగతి, అందుకే కొంచెం గట్టిగా చెబుతాను. వద్దు. వాళ్ళు చేసేది ఏమిటంటే డబ్బా కోసి, లోపలి దిమ్మను పగలగొట్టి తీసి, ఖాళీ డబ్బా మళ్ళీ వెల్డింగ్ చేస్తారు. బయటికి అంతా ఉన్నట్టే కనిపిస్తుంది. కంప్యూటర్‌కి ఫిల్టర్ ఉందని అబద్ధం నేర్పుతారు. లైటు రాదు, నిజమే. ఇన్నాళ్ళూ గోడకు అంటుకున్న మసి మాత్రం రోజూ మీ స్కూలు గేటు దగ్గర, పిల్లల ముఖాల ఎత్తులో బయటికి వస్తుంది. అది కంటికి కనిపించే నల్ల పొగ కూడా కానక్కర్లేదు. ఊపిరితిత్తుల లోతుకు వెళ్ళేది కనిపించనంత సన్నటి మసే. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. కాలుష్య ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, తొలిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా గానీ మూడు నెలల వరకు జైలు గానీ పడొచ్చు. రేపు బండి అమ్మాలనుకున్నా, కొనేవాళ్ళు స్కానర్ పెడితే బయటపడుతుంది. ఉబ్బసం ఉన్న బిడ్డ తల్లి ఆ పని చేయించదని నాకు తెలుసు. టెన్షన్‌లో ఉన్నప్పుడు చవగ్గా తేలిపోయే మాట ఎవరికైనా ఆశగా వినిపిస్తుంది, అంతే.

బండి బాగై వచ్చాక ఇలా నడపండి. స్టార్ట్ చేసేముందు షట్టర్ పూర్తిగా ఎత్తండి. పాప లోపలే ఉండాలి, ఇంటి తలుపు మూసి ఉండాలి. బండిని పోర్టికోలో ముక్కు ఇంటివైపు, సైలెన్సర్ గేటువైపు ఉండేలా పెట్టుకోండి. పొద్దున్నే రివర్స్ తీయడం కొంచెం ఇబ్బందే గానీ పొగ ఇంట్లోకి రాదు. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్లో ఉందో లేదో కదిపి చూసి, క్లచ్ పూర్తిగా తొక్కండి. ఏసీ ఆఫ్‌లో ఉండాలి. తాళం ఆన్ చేయగానే స్ప్రింగు చుట్టలాంటి పసుపు గుర్తు వస్తుంది, అది ఆరేదాకా ఆగండి. లోపల గ్లో ప్లగ్గులు వేడెక్కుతున్నాయన్నమాట. ఎండాకాలంలో రెప్పపాటులో ఆరిపోతుంది, డిసెంబరు పొద్దుల్లో రెండు మూడు సెకన్లు పట్టొచ్చు. బటన్ స్టార్ట్ బండి అయితే ఆ నిరీక్షణ అదే చూసుకుంటుంది.

స్టార్ట్ అయ్యాక యాక్సిలరేటర్ తొక్కి రేజ్ చేయొద్దు. టర్బోకి ఇంకా ఆయిల్ చేరుతున్న సమయమది. సీటు బెల్టు పెట్టుకుని, అద్దాలు సర్దుకునేంతలో, అంటే ఓ అర నిమిషంలో, కదిలిపోవచ్చు. మొదటి మూడు కిలోమీటర్లు 2,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటకుండా నెమ్మదిగా పోతే చాలు. డీజిల్ ఇంజిన్ నిలబడి వేడెక్కేదానికంటే నడుస్తూ త్వరగా వేడెక్కుతుంది.

ఒకవేళ స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ 10 సెకన్లకు మించి కొట్టకండి. నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి. మూడుసార్లకు కాకపోతే ఆపేసి మెకానిక్‌ని పిలవండి. అంటుకోని ప్రతి ప్రయత్నంలోనూ పచ్చి డీజిల్ ఫిల్టర్ వైపు పోతుంది. నలుగురితో తోయించి స్టార్ట్ చేయడం కూడా ఇందుకే మంచిది కాదు.

మీది ఖమ్మం కాబట్టి ఇంకో మాట. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగినప్పుడు కాలనీల్లో కార్లు నీళ్ళలో ఉండిపోయాయి. అలాంటి రోజు మళ్ళీ రాకూడదు. వస్తే మాత్రం, నీళ్ళు బంపరు ఎత్తుకు వచ్చిన బండిని తీసిన తర్వాత "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అని తాళం తిప్పకండి. డీజిల్ ఇంజిన్ గాలిని 16 రెట్ల దాకా నొక్కుతుంది. నీరు నొక్కితే నొక్కబడదు. సిలిండర్లో నీళ్ళుంటే ఒక్క తిప్పుతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ తీగ విప్పించి, టోయింగ్ మీద పంపడమే.

ఫిల్టర్ కోసం రెండు వారాలకోసారి, వీలైతే వారానికోసారి, బండిని హైవే ఎక్కించండి. మీకు సూర్యాపేట వైపు నాలుగు వరసల రోడ్డు ఉంది, కూసుమంచి దాటి పాలేరు దాకా వెళ్ళి వస్తే సరిపోతుంది. పాలేరు చెరువు దగ్గర పాప కాసేపు ఆడుకుంటుంది కూడా. డీజిల్ పావు ట్యాంకు పైనే ఉంచుకోండి, అడుగంటితే చాలా బండ్లు రీజెన్ మొదలుపెట్టవు. 60 నుంచి 80 వేగంలో, ఆరో గేరుకి బదులు నాలుగో ఐదో గేరులో, ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం పైన ఉండేలా అరగంట ఆపకుండా నడపండి. అప్పుడు మైలేజీ పడిపోయినట్టు కనిపించొచ్చు, బండి ఆపినప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ కాలిన వాసన రావచ్చు. కంగారుపడకండి, రీజెన్ జరుగుతోందన్నమాట. ఇంటి దగ్గర అలా ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఆపాల్సి వచ్చిందనుకోండి, వీలైతే ఇంకో పది నిమిషాలు బైపాస్ మీద తిరిగి రండి.

ఆ ప్రయాణంలో ఒక జాగ్రత్త. మన రోడ్ల పక్కన కోతల సీజన్లో వరిగడ్డి, మొక్కజొన్న పొట్టు ఆరబోసి ఉంటాయి. రీజెన్ మధ్యలోనో, అయిన వెంటనేనో సైలెన్సర్ వేడిగా ఉన్నప్పుడు బండిని ఆ గడ్డి మీద ఆపకండి. కింద అంటుకుంటే ఆర్పడానికి టైము కూడా దొరకదు.

మీవారు ఇంకా రెండు మూడేళ్ళు అక్కడే ఉండేలా ఉంటే, ఆయనతో ఫోన్లో మాట్లాడి చూడండి. రోజుకు 8 కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిల్ కారు సరైన బండి కాదు. చిన్న పెట్రోల్ కారో, ఎలక్ట్రిక్ కారో మీకు హాయిగా ఉంటుంది. ఆయన తొందరలో తిరిగొస్తారనుకుంటే మాత్రం, ఆ పాలేరు ప్రయాణాలతో ఈ బండినే కాపాడుకోవచ్చు.

సర్వీసు సెంటర్ వాళ్ళు స్కాన్ రిపోర్టు కాగితం ఇస్తారు, అడిగి తీసుకోండి. అందులోని కోడ్లు, మసి అంకె రాసి పంపిస్తే ఆ ఫిల్టర్ నిజంగా మార్చాల్సిన స్థితిలో ఉందో లేదో చెబుతాను.